గరాజ్ సేల్‌లో ఏ వస్తువుకి ఎంత ధర పెట్టాలి: అమెరికా నుంచి సామాను సర్దుకుంటున్న వాళ్ల కోసం

టికెట్లు బుక్ అయిపోయాక ఇల్లంతా ఒకసారి తిరిగి చూస్తే అప్పుడు తెలుస్తుంది ఎంత సామాను పోగుపడిందో. టెక్సాస్‌లో డల్లాస్ పక్కన ప్లేనోలో ఉన్నప్పుడు, ఇల్లు మారుతూ మేము మొదటిసారి గరాజ్ సేల్ పెట్టాం, అంటే అక్కర్లేని సామాను ఇంటి ముందు పరిచి అమ్మడం. 1,100 డాలర్లు పెట్టి కొన్న సోఫా, వాడింది నాలుగేళ్లేగా అనుకుని 500 అని చీటీ అంటించాను. పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం దాకా ఎంతోమంది దాని మీద కూర్చుని చూశారు, చీటీ చూసి లేచి వెళ్లిపోయారు, ఒక్కరు కూడా బేరం ఆడలేదు. ఇల్లు ఖాళీ చేసే రోజుకి దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకెళ్తే చాలు అన్న పరిస్థితి వచ్చింది. అదే రోజు 5 డాలర్లు పెట్టిన డ్రిల్ మిషన్ మాత్రం గరాజ్ తలుపు పైకి లేపిన రెండో నిమిషంలోనే అమ్ముడైపోయింది, 20 పెట్టినా పోయేదే. ఆ తర్వాత మా సేల్స్ ఇంకో రెండు, ఇండియా వెళ్లిపోతున్న స్నేహితుల ఇళ్లలో నాలుగైదు చూశాను. ధర కట్టడం గురించి వాటిలో నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట మనసుకి పట్టించుకోవాలి. మనం ఎంతకి కొన్నామన్నది కొనేవాళ్లకి అవసరం లేని లెక్క. వాళ్లు చూసేది, ఇలాంటిదే ఇవాళ కొత్తది ఎంతకి దొరుకుతుంది, ఇది ఏ స్థితిలో ఉంది అన్నవే. మనం చూసుకోవాల్సినవి ఇంకో రెండు ఉన్నాయి: ఈ వస్తువు కావాల్సిన మనిషి మన డ్రైవ్‌వేలోకి (గరాజ్ ముందు సేల్ పెట్టే చోటికి) అసలు వస్తాడా, మన చేతిలో ఇంకా ఎన్ని రోజులున్నాయి. ధరంతా ఈ నాలుగింటి మీదే నిలబడుతుంది.

1. వెళ్లే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ఆరు వారాలు చేతిలో ఉంటే ధర మీ మాట వింటుంది, ఆరు రోజులు ఉంటే మీరే దాని మాట వినాలి. చాలామంది పిల్లల స్కూలు అయిపోయే దాకా ఆగి, జూన్ మొదటి వారంలో ఒకేసారి అన్నీ బయట పెడతారు. సరిగ్గా అదే సమయంలో ఆ చుట్టుపక్కల ఇంకో పది ఇళ్ల వాళ్లు కూడా పెడతారు కాబట్టి అప్పుడు అయినకాడికి అమ్ముకోవడమే మిగులుతుంది. ఫర్నిచర్ అమ్మకం కనీసం నెలన్నర ముందు మొదలుపెట్టండి. గరాజ్ సేల్ మాత్రం వెళ్లడానికి రెండు, మూడు వారాల ముందు శనివారం పెట్టుకుంటే మిగిలినవి వదిలించుకోవడానికి ఇంకో వారాంతం ఉంటుంది. మీ కాలనీలో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు అందరికీ కలిపి ఒకే రోజు గరాజ్ సేల్ పెడుతుంటే ఆ రోజే పెట్టండి, విడిగా పెట్టినదానికన్నా జనం చాలా ఎక్కువ వస్తారు.

ఒక షీట్ తెరిచి అందులో వస్తువు పేరు, ఇవాళ కొత్తది ఎంత, స్థితి, పెట్టే ధర, ఇంతకన్నా దిగను అన్న ధర, ఎక్కడ అమ్మాలి అని గడులు గీసుకోండి. ఆఖరి ధర గడి భార్యాభర్తలిద్దరూ కూర్చుని నింపాలి. ఈ పని ముందే చెయ్యకపోతే సేల్ రోజు కొనేవాళ్ల ముందే "ఇంత తక్కువకా?" అని ఒకరినొకరు అడుగుతూ నిలబడతారు, అప్పటికి ఆ బేరం చెడిపోతుంది.

2. సామానుని పోగులుగా విడదీయండి

అన్నిటికీ గరాజ్ సేలే సరైన చోటు అనుకోవడం దగ్గరే ఎక్కువ డబ్బు పోతుంది. గరాజ్ సేల్‌కి వచ్చేవాళ్లు 1 డాలరు, 5 డాలర్లు, మహా అయితే 20 డాలర్ల మనసుతో వస్తారు. 300 డాలర్ల డైనింగ్ టేబుల్ కోసం వచ్చేవాళ్లు వేరు, వాళ్లు ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో కొలతలు చూసుకుని, పికప్ ట్రక్కు మాట్లాడుకుని వస్తారు. కాబట్టి 50 డాలర్ల పైన పలుకుతుందనిపించే ప్రతీదీ ముందు ఆన్‌లైన్‌లో పెట్టండి, అక్కడ పోనిది ధర తగ్గి డ్రైవ్‌వేలోకి వస్తుంది.

ఇంకో పోగు మన వాళ్ల కోసం. 110 వోల్టుల మిక్సీ, వెట్ గ్రైండర్, ప్రెషర్ కుక్కర్లు, ఇడ్లీ పాత్ర, స్టీలు డబ్బాలు, పోపుల డబ్బా, చెక్క దేవుడి మందిరం, ఇవేవీ డ్రైవ్‌వేలో పెట్టకండి. వెట్ గ్రైండర్‌ని చూసి అదేమిటో తెలియని మనిషి 5 డాలర్లు కూడా ఇవ్వడు, అదే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే 80, 100 డాలర్లకి ఆ సాయంత్రమే వచ్చి పట్టుకెళ్తారు, ఎందుకంటే కొత్తది కొనాలంటే ఖరీదు, ఇండియా నుంచి తెచ్చుకుంటే వోల్టేజీ కుదరదు. కుక్కర్ అమ్మే ముందు కొత్త గాస్కెట్ వేసి, విజిల్ వస్తోందో లేదో చూడండి. ఆ చిన్న ఖర్చుకే 10 డాలర్ల కుక్కర్ 20 అవుతుంది.

వోల్టేజీ గురించి ఇక్కడే చెప్తాను, ఏది అమ్మాలి ఏది తీసుకెళ్లాలి అన్నదానికి ఇదే కొలబద్ద. అమెరికాలో ఇళ్లకొచ్చే కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనకి ఇండియాలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మోటారు తిరిగేవి, వేడెక్కేవి, అంటే మైక్రోవేవ్, వాక్యూమ్ క్లీనర్, బ్లెండర్, రైస్ కుక్కర్, ఇస్త్రీపెట్టె లాంటివి ఇక్కడే అమ్మేయండి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడుపుదాం అనుకుంటే దాని బరువు, ఖర్చు చూశాక మనసు మారుతుంది. లాప్‌టాప్, ఫోను చార్జర్ల మీద "100-240" అని రాసి ఉంటే అవి అక్కడ కూడా పనిచేస్తాయి, వాటిని ధర వచ్చింది కదా అని తొందరపడి అమ్మకండి.

3. అసలు అమ్మకూడనివి

ధర కట్టే ముందే వీటిని పక్కకి తీసేయండి. పిల్లల కారు సీటుకి గడువు తేదీ ఉంటుంది, సీటు అడుగునో వెనకనో ప్లాస్టిక్ మీద అచ్చువేసి ఉంటుంది, అది దాటినా, ఎప్పుడైనా యాక్సిడెంట్ అయిన కారులో ఉన్నా అమ్మవద్దు, ఉచితంగా కూడా ఇవ్వవద్దు. పక్క కమ్మీలు కిందకి దిగే పాత రకం చంటిపిల్లల మంచాల (క్రిబ్‌ల) అమ్మకం అమెరికాలో 2011 జూన్ నుంచి చట్టప్రకారం నిషేధం, సెకండ్‌హ్యాండ్‌కి కూడా అదే వర్తిస్తుంది. రీకాల్ అయిన, అంటే ప్రమాదం ఉందని కంపెనీ వెనక్కి పిలిచిన వస్తువులు అమ్మడం కూడా తప్పే. సీపీఎస్‌సీ అనే ప్రభుత్వ సంస్థ వెబ్‌సైటులో మోడల్ నంబరు కొడితే రీకాల్ అయిందో లేదో తెలిసిపోతుంది. పిల్లల సామాను, సొరుగుల బీరువాలు, హీటర్లు తప్పకుండా అందులో చూడండి. రెండు నిమిషాల పని, ఇంకొకరి పిల్లల ప్రాణం సంగతి.

ప్రతి సొరుగు, ప్రతి హ్యాండ్‌బ్యాగు జేబు, ప్రతి పుస్తకం పేజీలు దులిపి చూడండి. అత్తగారు ఇచ్చిన చిన్న ముక్కుపుడక పాత పర్సు లోపల ఉండిపోయి, ఆ పర్సు 2 డాలర్లకి వెళ్లిపోయిన ఇల్లు నాకు తెలుసు. స్మార్ట్ స్పీకర్లు, రౌటర్లు, టాబ్లెట్లు ఫ్యాక్టరీ రీసెట్ చేసి మీ అకౌంట్ల నుంచి తొలగించాకే చీటీ అంటించండి. ఇత్తడి చెంబులు, కొండపల్లి బొమ్మలు లాంటివి సామాను ఎక్కువైందని విసుగులో పోగులో పడేయకండి, మన డ్రైవ్‌వేకి వచ్చేవాళ్ల దగ్గర వాటికి పలికే ధర ఏదీ ఉండదు.

4. ధర కనుక్కునే పద్ధతి

ముందు అదే వస్తువు, లేదా దానిలాంటిది, ఇవాళ కొత్తది ఎంతో చూడండి. అయిదేళ్ల క్రితం 400 పెట్టి కొన్న టీవీ సైజే ఇప్పుడు అంతకన్నా బాగా తక్కువకి దొరుకుతుంటే మీ 400కి విలువ లేదు. తర్వాత ఈబే అనే అమ్మకాల వెబ్‌సైటులో "సోల్డ్ ఐటమ్స్" అన్న ఫిల్టర్ పెట్టి, నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. మార్కెట్‌ప్లేస్‌లో కనిపించేవి అడుగుతున్న ధరలు మాత్రమే, మూడు వారాలుగా అక్కడే ఉన్న వస్తువు ధర చూసి మనమూ అదే పెడితే మన వస్తువు కూడా మూడు వారాలు అక్కడే ఉంటుంది. ఆఖరికి, దగ్గర్లోని గుడ్‌విల్ లాంటి థ్రిఫ్ట్ స్టోరుకి (విరాళంగా వచ్చిన పాత సామాను అమ్మే షాపుకి) ఒకసారి వెళ్లి రండి. చొక్కాలు, పళ్లేలు, దీపాలు అక్కడ ఎంతకి పెడుతున్నారో అదే మీ పై హద్దు. ఎండలో నిలబడి, వెనక్కి ఇచ్చే వీలు లేకుండా కొనేవాళ్లు ఏసీ షాపులో కన్నా తక్కువ ఇస్తారు, అది న్యాయమే.

ఈ మూడూ చూశాక నేను వాడే లెక్క ఇది. శుభ్రంగా ఉండి బాగా పనిచేస్తున్న మామూలు వస్తువుకి ఇవాళ్టి కొత్త ధరలో నాలుగో వంతు. గిరాకీ ఉన్నది, కొత్తదానిలా ఉన్నది, పెట్టె, రిమోటు అన్నీ ఉన్నది అయితే సగం దాకా వెళ్లొచ్చు. ఎవరింట్లో అయినా దొరికేది, గీతలు పడ్డది అయితే పదో వంతు.

మా సోఫానే మళ్లీ తీసుకుంటే, 1,100కి కొన్నాం అన్నది పక్కన పెట్టాలి. అలాంటిదే అప్పుడు షాపులో 800కి ఉంది. నాలుగో వంతు అంటే 200. ఒక చేతి మీద పసుపు మరక ఉంది కాబట్టి 40 తగ్గిద్దాం, 160. బేరానికి కొంచెం వదిలి 180 అని పెట్టి, 140 కన్నా దిగకూడదని షీట్‌లో రాసుకుని, నెల ముందు ఆన్‌లైన్‌లో పెట్టి ఉంటే అది పోయేది. 500 చీటీ వల్ల ఆ 140 కూడా రాలేదు.

మన ఇళ్లకి సంబంధించి ఇంకో సంగతి ఉంది, ఎవరూ మొహం మీద చెప్పరు గానీ ధర మీద బాగా పనిచేస్తుంది. రోజూ పోపు పెట్టే ఇంట్లో గుడ్డ సోఫాలు, కర్టెన్లు, పరుపులు ఆ వాసన పీల్చుకుంటాయి, మనకి అలవాటైపోయి తెలియదు, బయటినుంచి వచ్చినవాళ్లకి వెంటనే తెలుస్తుంది. కవర్లు విప్పి ఉతికి, గుడ్డ మీద బేకింగ్ సోడా చల్లి రాత్రంతా ఉంచి వాక్యూమ్ చేసి, రెండు రోజులు గరాజ్‌లో గాలి తగిలేలా పెట్టండి. ఈ ఒక్క పనితో 100 డాలర్ల సోఫా 150 అయిన సందర్భం చూశాను. వంటింటి సామానుకి జిడ్డు సంగతి కూడా అంతే, టోస్టర్ అవెన్ మెరిస్తే 15, జిడ్డుగా ఉంటే 3.

5. ఏ రకానికి ఎంత

ఇవి ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ చుట్టుపక్కల నేను పెట్టిన, పెట్టించిన ధరలు. మీ ఊరిని బట్టి అటూ ఇటూ అవుతాయి.

ఫర్నిచర్‌లో చెక్కది వేరు, చెక్కపొడి నొక్కి చేసినది వేరు. ఇంట్లో బిగించుకునే రకం బుక్‌షెల్ఫ్, కంప్యూటర్ టేబుల్ ఒకసారి విప్పితే మళ్లీ గట్టిగా నిలబడవు, కాబట్టి విప్పకుండా 10 నుంచి 25 డాలర్లలో తేల్చేయండి. నిజమైన చెక్క డైనింగ్ టేబుల్, డ్రెస్సర్ అయితే 100 నుంచి 200 దాకా ఆగి చూడొచ్చు, కానీ ఆన్‌లైన్‌లో. ఎర్గోనామిక్ ఆఫీసు కుర్చీలకి, కూర్చుని నిలబడి పనిచేసే డెస్కులకి ఇంటినుంచి ఉద్యోగం చేసేవాళ్ల గిరాకీ ఉంది, వాటికి కొత్త ధరలో సగం దగ్గర మొదలుపెట్టినా తప్పు లేదు. పరుపు మాత్రం ఎంత ఖరీదుదైనా గరాజ్ సేల్‌లో బయటివాళ్లు కొనడానికి వెనకాడతారు. దాన్ని స్టూడెంట్లకి ఇవ్వడమే మంచిది, దాని గురించి కింద రాశాను.

వంటింటి సామాను ఎక్కువగా 1 డాలరు టేబుల్ మీదకే వెళ్తుంది. గ్లాసులు, కప్పులు 50 సెంట్లు, పళ్లేల సెట్టు 8 నుంచి 10, నాన్‌స్టిక్ పెనం గీతలు పడితే 1, పడకపోతే 4. పోత ఇనుప పెనాలు మాత్రం చవగ్గా పెట్టకండి, తుప్పు పట్టినా సరే వాటిని వెతుక్కుంటూ వచ్చేవాళ్లుంటారు, 10 నుంచి 15 పెట్టండి. స్టాండ్ మిక్సర్, పేరున్న కంపెనీ బ్లెండర్, కార్డ్‌లెస్ వాక్యూమ్, వీటికి సెకండ్‌హ్యాండ్‌లోనూ ధర నిలబడుతుంది, ఈబేలో చూసి పెట్టండి.

బట్టలకి విడివిడిగా చీటీలు రాస్తూ కూర్చోవద్దు, ఆ కష్టానికి తగ్గ డబ్బు రాదు. పెద్దవాళ్లవి 2, పిల్లలవి 1, జీన్స్ 3, చలికోట్లు 8 అని అట్ట మీద పెద్దక్షరాలతో రాసి పైన పెట్టండి. కోట్లు, మంచి షర్టులు హ్యాంగర్‌కి వేలాడదీస్తే పోతాయి, కుప్పపోస్తే అవే సగం ధరకీ పోవు. పట్టుచీరలు, లెహంగాలు డ్రైవ్‌వేలో అస్సలు పెట్టొద్దు. ఒకసారి కట్టిన లెహంగాకి మన గ్రూపుల్లో 40, 60 ఇచ్చేవాళ్లున్నారు, ముఖ్యంగా దసరా, దీపావళి ముందు.

పిల్లల సామానుకి ఎప్పుడూ గిరాకీయే. సైకిళ్లు గాలి కొట్టి పెడితే 15 నుంచి 30. బోర్డు గేములు, పజిళ్లు ముక్కలన్నీ ఉన్నాయని లెక్కపెట్టి "అన్నీ ఉన్నాయి" అని రాస్తే 3 డాలర్లు, రాయకపోతే ఎవరూ ముట్టుకోరు. లెగో ముక్కలు పారదర్శకంగా ఉండే పెద్ద జిప్ కవర్లలో నింపి కవరు 10, 12కి పెట్టండి. బొమ్మలకి ధర పిల్లల చేతే పెట్టించండి, ఆ డబ్బు వాళ్లకే ఇస్తానని చెప్పండి. తమ వస్తువు వేరే పిల్లల చేతుల్లోకి వెళ్తుంటే ఏడ్చే పిల్లలు కూడా ధర తామే చెప్పినప్పుడు దాన్ని సంతోషంగా అందిస్తారు, మా అమ్మాయి విషయంలో నేను కళ్లారా చూశాను. టెక్సాస్‌లో పిల్లలు సొంత ఇంటి ముందు నిమ్మరసం అమ్ముకోవడానికి 2019లో చట్టమే చేశారు, పర్మిట్ అక్కర్లేదు, వాళ్లని అక్కడ కూర్చోబెడితే వచ్చినవాళ్లు ఇంకో అయిదు నిమిషాలు ఆగుతారు.

పుస్తకాలు మెత్తటి అట్టవి 50 సెంట్లు, గట్టి అట్టవి 1. ప్రింటర్లు 10, పాత డీవీడీ ప్లేయర్లు 5, అంతకన్నా ఆశించకండి. ఏ కరెంటు వస్తువుకైనా గరాజ్ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి అక్కడే ఆన్ చేసి చూపించండి, ఆన్ అయిన టీవీకి 50, పక్కన అలానే ఆన్ చెయ్యకుండా పెట్టిన టీవీకి 15.

పనిముట్ల సంగతి మొదట్లోనే చెప్పాను. డ్రిల్, రెంచీలు, నిచ్చెన, పచ్చిక కోసే మిషన్, తోట గొట్టాలు, వీటి కోసమే పొద్దున్నే తిరిగేవాళ్లుంటారు. మనలో చాలామందికి వీటి విలువ తెలియక 2, 3 డాలర్లకి పెట్టేస్తారు. కొత్త ధరలో సగం పెట్టండి, మొదటి గంట అయ్యాక కూడా ఉంటే అప్పుడు తగ్గిద్దురు.

6. చీటీ రాయడం

ధర చీటీ లేని వస్తువు అమ్ముడుపోదు. అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ, అడగకుండా వెళ్లిపోతారు. నీలం రంగు పెయింటర్స్ టేపు కొనండి, చెక్క మీద, పుస్తకాల మీద జిగురు వదలదు, మార్కరుతో పెద్దగా రాయొచ్చు. 25 సెంట్లకి తక్కువ చిల్లర తగలకుండా 50 సెంట్లు, 1, 2, 3, 5, 10, 15, 20 ఇలా గుండ్రంగా పెట్టండి. 4.99 లాంటివి షాపులకే సరిపోతాయి. రెండు మూడు కుటుంబాలు కలిసి పెడుతుంటే ఇంటికో రంగు టేపు, సాయంత్రం లెక్క చూసుకునేటప్పుడు స్నేహం చెడకుండా ఉంటుంది.

చిన్నచిన్నవి కలిపి కట్టండి. 50 సెంట్ల గరిటెలు పది విడిగా పెడితే నాలుగు పోతాయి, ఒక జాడీలో పెట్టి మొత్తం 4 డాలర్లు అంటే జాడీతో సహా పోతుంది.

7. బేరం

హైదరాబాద్ సుల్తాన్‌బజార్‌లోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో పెరిగినవాళ్లకి చేతిలో ఉండే అలవాటు, రెట్టింపు చెప్పి సగానికి దిగడం. ఇక్కడ అది పనిచెయ్యదు. అక్కడ కొనేవాడికి కూడా ఆ ఆట తెలుసు కాబట్టి "సగానికిస్తావా?" అని నిలబడతాడు, ఇక్కడ ధర రెట్టింపు ఉందనిపిస్తే మాట్లాడకుండా నవ్వి పక్క ఇంటికి వెళ్లిపోతారు. అందుకే బేరానికి 20 శాతం మించి వదలకండి. 20 రావాలంటే 25 పెట్టండి, 40 పెట్టకండి.

మొదటి గంటలో వచ్చేవాళ్లలో కొని మళ్లీ అమ్ముకునేవాళ్లు ఎక్కువ, చీకటి విడకముందే టార్చిలైటు వేసుకుని వస్తారు. బోణీ బేరం ఒక్కటీ నేను కాదనను, మొదటి మనిషి ఒక డాలరు తగ్గించమంటే తగ్గిస్తాను, అది మా నాన్న కొట్లో కూర్చుని నేర్చుకున్నది. ఆ తర్వాత తొమ్మిదింటి దాకా పదో వంతు మించి దిగను. "30 పెట్టిన టేబుల్ 15కి ఇస్తారా?" అని అడిగితే "ఇప్పుడు 27, పదకొండింటికి ఉంటే 20కి ఇస్తాను" అని చెప్తే చాలాసార్లు 27 దగ్గరే తెగుతుంది. ఒకటి కన్నా ఎక్కువ తీసుకునేవాళ్లకి మాత్రం మనమే ముందు తగ్గించి చెప్పాలి, చేతిలో మూడు వస్తువులు పట్టుకున్న మనిషిని నాలుగోది వదిలేసి వెళ్లనివ్వకూడదు.

మన వాట్సాప్ గ్రూపులో బేరం ఇంకో రకం. అక్కడ సమస్య మొహమాటం. "అన్నా, ఫైనల్ ఎంతకిస్తారు?" అని అడిగి, "సరే అన్నా, ఆదివారం వస్తా" అని చెప్పి రారు, మనం వేరేవాళ్లకి ఇవ్వలేక ఆగిపోతాం. దానికి మందు ఒకటే, ఫొటోతో పాటు ధర, తీసుకెళ్లాల్సిన ఆఖరి తేదీ, ముందు డబ్బు పంపినవాళ్లకే అన్న మాట పోస్టులోనే రాసేయండి. అందరికీ ఒకే నియమం ఉంటే ఎవరూ బాధపడరు.

స్టూడెంట్ల గురించి రాస్తానన్నాను కదా. ఆగస్టులో ఫాల్ సెమిస్టర్ మొదలవుతుంది, డల్లాస్, ఆర్లింగ్టన్, డెంటన్ యూనివర్సిటీలకి ఎంఎస్ కోసం మన పిల్లలు రెండు సూట్‌కేసులతో దిగుతారు. పరుపు, చదువుకునే టేబుల్, రైస్ కుక్కర్, చిన్న కుక్కర్, రెండు గిన్నెలు, దుప్పటి, వాళ్లకి కావాల్సింది ఇదే. మీరు వెళ్లేది జులై, ఆగస్టు అయితే వీటిని గరాజ్ సేల్‌లో 3కీ 5కీ ఇచ్చేకన్నా, మొత్తం ఒక సెట్టుగా 60కో 70కో ఇస్తే వాళ్లకి బయట పెట్టే ఖర్చులో చాలా మిగులుతుంది, మీకు ఇల్లు ఒకేసారి ఖాళీ అవుతుంది. తెలిసిన పిల్లలైతే పరుపు డబ్బు తీసుకోకండి. మనం వచ్చిన మొదటి నెల ఎవరో ఒకరి పాత పరుపు మీదే పడుకున్నాం.

8. సేల్ రోజు ధర దించే వరస

పర్మిట్ సంగతి వారం ముందే చూసుకోండి. డల్లాస్ సిటీలో పర్మిట్ కావాలి, చుట్టుపక్కల ఊళ్లలో ఒక్కోచోట ఒక్కో నియమం, బోర్డులు కరెంటు స్తంభాలకి కట్టడం చాలాచోట్ల నిషేధం. టెక్సాస్‌లో సొంత వాడకానికి కొనుక్కున్న సామాను అమ్మినప్పుడు ఆ సంవత్సరంలో మొత్తం 3,000 డాలర్లు దాటనంతవరకు సేల్స్ టాక్స్ వసూలు చెయ్యక్కర్లేదు. కొన్న ధరకన్నా తక్కువకే అమ్ముతాం కాబట్టి ఇన్‌కం టాక్స్ కూడా పడదు, ఆ నష్టాన్ని రిటర్న్‌లో చూపించుకునే వీలూ లేదు.

చిల్లర ముందు రోజు బ్యాంకులో తెచ్చుకోండి. 1 డాలరు నోట్లు 40, అయిదులు 10, క్వార్టర్లు (25 సెంట్ల నాణేలు) ఒక చుట్ట, అంటే 10 డాలర్లవి. మొత్తం 100. పొద్దున మొదటి మనిషే 3 డాలర్ల వస్తువుకి 20 నోటు ఇస్తాడు. నడుముకి కట్టుకునే సంచీలో పెట్టుకోండి, టేబుల్ మీద డబ్బా వద్దు. జెల్, వెన్మో లాంటి ఫోను యాప్‌ల ద్వారా డబ్బు తీసుకుంటే కొనేవాళ్ల ఫోనులో స్క్రీన్‌షాట్ చూసి వస్తువు ఇవ్వకండి, మీ బ్యాంకు యాప్‌లోనో వెన్మో యాప్‌లోనో డబ్బు కనిపించాకే ఇవ్వండి. ఆన్‌లైన్‌లో "నీకు ఒక కోడ్ వస్తుంది, అది చెప్పు" అని ఎవరైనా అడిగితే అక్కడితో మాట్లాడటం ఆపేయండి, అది మోసం.

ఏడింటి నుంచి పదింటి దాకా చీటీ మీదున్న ధర. పది నుంచి పన్నెండు దాకా పాతిక శాతం తక్కువ. టెక్సాస్ ఎండలో జూన్‌లో పన్నెండు దాటితే రోడ్డు మీద మనుషులు తగ్గిపోతారు, అప్పుడు అన్నీ సగం. ఆఖరి గంటలో బట్టలు, పుస్తకాలు, చిన్న బొమ్మలు, కిరాణా సంచీ ఇచ్చి "పట్టినన్ని నింపుకోండి, 5 డాలర్లు" అని బోర్డు మార్చండి. ప్రతిసారీ చీటీలు మార్చక్కర్లేదు, ఒక పెద్ద అట్ట మీద ఇప్పుడు ఎంత తగ్గింపో రాసి ముందు పెడితే చాలు. షీట్‌లో "దిగను" అని రాసుకున్న నాలుగైదు వస్తువుల్ని మాత్రం ఈ తగ్గింపు మొదలవగానే లోపల పెట్టేసి, సాయంత్రం మళ్లీ ఆన్‌లైన్‌లో పెట్టండి.

9. మిగిలినవి

సేల్ అయ్యాక ఏదీ తిరిగి ఇంట్లోకి తేకండి. ముందు రోజే కారు డిక్కీ ఖాళీ చేసుకుని, మిగిలిన బట్టలు, గిన్నెలు ఆ మధ్యాహ్నమే గుడ్‌విల్‌కో సాల్వేషన్ ఆర్మీ అనే ధర్మసంస్థకో పట్టుకెళ్లండి. తలుపులు, లైట్లు, టైల్స్, పనిముట్లు లాంటివి హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే ధర్మసంస్థ వాళ్ల షాపు రీస్టోర్ తీసుకుంటుంది. రసీదు అడిగి తీసుకోండి, టాక్స్ రిటర్న్‌లో ఐటమైజ్ చేసేవాళ్లకి, అంటే విరాళాల లాంటి ఖర్చులు విడివిడిగా చూపించి తగ్గింపు తీసుకునేవాళ్లకి పనికొస్తుంది, అలా చూపించే వస్తువుల విలువ 500 డాలర్లు దాటితే రిటర్న్‌తో పాటు ఫారం 8283 నింపాలి. పెద్ద సామాను, ఎవరూ తీసుకోని పరుపు ఉంటే సిటీ వాళ్ల బల్క్ పికప్ తేదీ ముందే కనుక్కుని ఆ రోజుకి బయట పెట్టండి.

చివరగా నడుము సంచీలోంచి పొద్దున పెట్టిన 100 డాలర్ల చిల్లర ముందు తీసి పక్కన పెట్టండి, మిగిలినదే మీ సంపాదన. పిల్లల బొమ్మల డబ్బు లెక్కపెట్టి అప్పుడే వాళ్ల చేతిలో పెట్టండి. చీకటి పడేలోపు వీధి మూలల్లో పెట్టిన బోర్డులు పీకేసి రండి, లేకపోతే ఆదివారం పొద్దున ఏడింటికి మళ్లీ ఎవరో ఒకరు బెల్లు కొడతారు.